ఓడ మీద ఎత్తు పని: నల్లగొండ, పాలమూరు పనివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల్లోనో, సాగర్ గేట్ల మీదనో, సెల్ టవర్ల మీదనో పనిచేసి, ఇప్పుడు విశాఖపట్నంలో యుద్ధనౌకల మరమ్మతుకు, రంగుల పనికి పోతున్నవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. నేవీలో కొత్తగా చేరి మొదటిసారి మాస్ట్ (ఓడ మీది యాంటెన్నాల స్తంభం) ఎక్కబోతున్న పిల్లలకూ పనికొస్తుంది. ఎత్తంటే భయం లేనివాళ్లే ఈ పనికి వస్తారు కాబట్టి ధైర్యం గురించి ఇందులో ఏమీ లేదు. మీరు ఎక్కకముందు ఓడలో ఏవేవి ఆగిపోవాలి, వాటిని ఎవరు ఆపాలి, నిజంగా ఆగినట్టు మీకెట్లా తెలుస్తుంది అన్నదే ముఖ్యంగా చెప్పాం.

ఎంత ఎత్తు నుంచి ఎత్తు పని అంటారు?

జారితే రెండు మీటర్ల కన్నా ఎక్కువ కిందికి పడే చోటు ఏదైనా. ఓడ మీద ఇది మాస్ట్‌కే పరిమితం కాదు. మూత తీసిన హ్యాచ్ (కింది అంతస్తుకు దిగే రంధ్రం) పక్కన నిలబడినా, రెయిలింగ్ విప్పిన డెక్ (ఓడ పైతలం) అంచున గ్రైండింగ్ చేసినా, ట్యాంకులోకి నిచ్చెన దిగినా ఎత్తు పనే.

సెల్ టవర్లు ఎన్నో ఎక్కిన. ఓడ మాస్ట్‌లో కొత్తేముంది?

టవర్ కదలదు. ఓడ కదులుతుంది. 20 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు ఓడ 10 డిగ్రీలు ఒరిగితే మీరు ఒక్కో పక్కకు దాదాపు మూడున్నర మీటర్లు ఊగుతారు. రేవులో కట్టేసిన ఓడ కూడా పక్కనుంచి టగ్గు పోతే కదులుతుంది.

అది కళ్లకు కనిపించే తేడా. అసలు తేడా వేరే ఉంది. టవర్ మీద మీరు తప్ప ఇంకేదీ కదలదు. మాస్ట్ మీద మీ చుట్టూ ఉన్న వాటిని కింద ఏదో గదిలో కూర్చున్న మనిషి బటన్ నొక్కి నడిపిస్తాడు. ఆయనకు మీరు కనిపించరు. రాడార్ యాంటెన్నా ఒక్కసారిగా తిరిగితే మనిషిని తోసేస్తుంది. ఏకే-630 లాంటి ఓడ తుపాకీ దూరం నుంచి వచ్చే ఆదేశంతోనే గొట్టం తిప్పుతుంది, పరీక్ష కోసం తిప్పినా దాని దారిలో ఉన్నవాడికి దెబ్బే. హారన్ సంగతి చూడండి: 75 మీటర్లు దాటి 200 మీటర్ల లోపు పొడవున్న ఓడకు మీటరు దూరంలో కనీసం 138 డెసిబెల్స్ మోత ఉండాలని అంతర్జాతీయ నియమం. ఐఎన్‌ఎస్ విశాఖపట్నం పొడవు 163 మీటర్లు, అది ఈ కోవలోదే. చెవి పక్కన అది మోగితే వినికిడి పోవడం ఒక ఎత్తు, ఉలిక్కిపడి రెండు చేతులూ వదిలేయడం ఇంకో ఎత్తు.

పొగగొట్టం కూడా అంతే. ఇంజను ఆగి ఉన్నా జనరేటర్ పొగ అందులోంచే రావచ్చు. గాలి మళ్లితే ఆ పొగ మీ మొహం మీదికొస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. తల తిరిగినట్టనిపించేసరికి పట్టు సడలడం మొదలై ఉంటుంది.

పర్మిట్ ఎవరిస్తారు? అందులో ఏముండాలి?

నేవీ ఓడ అయితే డ్యూటీ ఆఫీసర్ అనుమతి లేకుండా ఎవరూ పైకి ఎక్కకూడదు. మరమ్మతు యార్డు చేతిలో ఉన్న ఓడ అయితే యార్డు సేఫ్టీ విభాగం సంతకం కూడా కావాలి. రెండు సంతకాలు కావాల్సిన చోట ఒకటి చాలని ఎవరన్నా నమ్మకండి. ఓడలో రాడార్ నడిపేవాళ్లు వేరు, యార్డు మనుషులు వేరు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవచ్చు.

కాగితం మీద మీ పేరు, చోటు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, ఏమేమి ఆపేశారో వరుసగా ఉండాలి. "మాస్ట్ పని" అని రాస్తే కుదరదు. ఏ మాస్ట్, ఎంతవరకు, ఏ వైపు అని ఉండాలి. ముందు మాస్ట్‌కు తీసుకున్న పర్మిట్‌తో వెనక మాస్ట్ ఎక్కితే అక్కడి యాంటెన్నా ఇంకా నడుస్తూనే ఉంటుంది.

సంతకాలు పడ్డాక పని జరిగే వరుస ఇది. రాడార్, రేడియో, హారన్, తుపాకులు చూసేవాళ్లు వాటిని ఆపి, స్విచ్ దగ్గర తాళమేసి ఎర్ర ట్యాగ్ కడతారు. ఇంజను గదికి, పొగగొట్టం పని అయితే ప్రత్యేకంగా, కబురు పోతుంది. ఓడంతా వినపడేలా మైకులో ప్రకటిస్తారు: పైన మనుషులున్నారు, యాంటెన్నాలు తిప్పొద్దు, ప్రసారం చేయొద్దు అని. అమెరికా నౌకాదళంలో పని సాగినంతసేపూ పావుగంటకోసారి ఈ ప్రకటన చేస్తారు. ఇది మంచి పద్ధతి. డ్యూటీ మారి కొత్తగా వచ్చినవాడికి పొద్దున చెప్పింది తెలియదు కదా.

ఆఖరిది మీ చేతిలో ఉంది. తాళం వేసినచోట ఆ తాళంచెవి మీ జేబులోకి రావాలి. చాలా యాంటెన్నాల దగ్గర మాస్ట్ మీదనే కరెంటు తెంపే స్విచ్ ఉంటుంది. దాన్ని మీరే ఆఫ్ చేసి మీ సొంత తాళం వేయండి. "ఆపేశారంట" అనే మాట మీద ఎక్కకండి. చెవి మీ దగ్గర ఉంటే ఆ యంత్రాన్ని నడపాలనుకున్నవాడు ముందు మిమ్మల్ని వెతుక్కోవాలి.

యాంటెన్నా తిరగడం లేదు. అంటే ఆగినట్టే కదా?

కాదు. తిరగడం వేరు, ప్రసారం వేరు. మోటారు ఆపినా రాడార్ ఒకే దిక్కుకు శక్తిని వదులుతూ ఉండవచ్చు. దాని ముందు నిలబడితే ఇంకా ప్రమాదం. తిరిగేది అయితే ఒక్కో క్షణమే తగులుతుంది, ఆగినది అదే పనిగా తగులుతుంది. ఆ శక్తి శరీరం లోపల వేడి పుట్టిస్తుంది. కంటి కటకానికి రక్తప్రసరణ లేదు కాబట్టి ఆ వేడి త్వరగా చల్లారదు. నొప్పి తెలిసేలోపే హాని జరగవచ్చు. ఎంత దూరం సురక్షితమో ఒక్కో రాడార్‌కు ఒక్కో లెక్క. ఆ పట్టిక ఓడలో ఉంటుంది, అడిగి చూసుకోండి.

పొడవాటి కడ్డీలాంటి రేడియో యాంటెన్నాలది ఇంకో బాధ. అవి ప్రసారం చేస్తుంటే చుట్టుపక్కల ఇనుప తీగలు, నిచ్చెన కమ్మీలు, క్రేన్ తాడు కూడా శక్తిని పట్టుకుంటాయి. చెయ్యి తగిలితే చిన్న చుక్కంత కాలుతుంది. కాలిన గాయం చిన్నదే అయినా అప్రయత్నంగా చెయ్యి వెనక్కి లాక్కుంటారు, పడేది అప్పుడే. ఇది ఓడలకే కాదు, పెద్ద శక్తితో ప్రసారం చేసే నేల మీది కేంద్రాలకూ వర్తిస్తుంది. వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగిన నేవీ కేంద్రం లాంటి చోట యాంటెన్నా స్తంభాల పనికి పోయేవాళ్లు కూడా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మీ ఓడ ఒక్కటి ఆపితే చాలదు. పక్క బెర్తులో (ఓడ కట్టేసే చోటు) ఉన్న ఓడ రాడార్ మీ మాస్ట్ ఎత్తులోనే ఉండవచ్చు. వాళ్లకూ కబురు పోయిందా అని పర్మిట్ ఇచ్చేవాళ్లను అడగండి. ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

మా ఇంట్లో మోకుతో తాడిచెట్లు ఎక్కేవాళ్లున్నరు. మోకు లాంటి బెల్టు ఉంటే హార్నెస్ ఎందుకు?

మోకు చేసే పని గొప్పది. నడుం వెనక భారమేసి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకొని గీయనిస్తుంది. పనిచేసే చోట మనిషిని నిలబెట్టే తాడు అది. కానీ కాలు జారితే అది చెట్టు వెంట మనిషితో పాటే కిందికి జారుతుంది, లేదంటే మనిషి అందులోంచి జారిపోతాడు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఈ లోటు పూడ్చడానికే.

ఓడ మీదా రెండూ వేరువేరు. నడుం పక్కన రింగులకు కట్టే తాడు నిలబడటానికి, వీపు మీది రింగుకు కట్టేది పడితే ఆపడానికి. మొదటిదాన్ని రెండోదాని బదులు వాడకూడదు. ఒట్టి నడుం బెల్టుతో పడితే దెబ్బంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది. ఒళ్లంతా పట్టే హార్నెస్ అయితే ఆ దెబ్బ తొడలకు, పిరుదులకు, భుజాలకు పంచుకుపోతుంది.

హార్నెస్ బాగుందో లేదో ఎట్లా చూడాలి?

ప్రతిసారీ వేసుకునే ముందు, వెలుతురులో. పట్టీని రెండు చేతుల్తో జానెడు దూరంలో పట్టుకొని విల్లులా వంచండి. పైకి ఉబ్బిన చోట తెగిన పోగులు లేచి కనిపిస్తాయి. అట్లా పట్టీ మొత్తం జరుపుకుంటూ పోవాలి. ఎక్కువ కోతలు దొరికేది తొడ పట్టీల లోపలి వైపు, వీపు రింగు కిందా. కుట్ల దారం వేరే రంగులో ఉండేది చూడ్డానికే, ఒక్క కుట్టు ఊడినా పక్కన పెట్టండి. పట్టీ గట్టిపడి పెళుసుగా ఉంటే రసాయనం పడినట్టు, తెల్లబారి ఉంటే ఎండకు మాడినట్టు. రంగు పడిన చోట పట్టీ లోపల ఏమైందో కనిపించదు, థిన్నర్‌తో కడిగితే ఇంకా పాడవుతుంది.

హుక్కు నాలుక వదిలితే తనంతట తాను మూసుకొని లాక్ కావాలి. సముద్రపు గాలికి స్ప్రింగులు తుప్పు పట్టి సగంలో ఆగుతాయి. షాక్ అబ్జార్బర్ (పడినప్పుడు విచ్చుకొని దెబ్బ తగ్గించే మడతల పట్టీ) కవరు చిరిగినా, లోపలి మడతలు బయటికొచ్చినా దాన్ని వాడొద్దు. లేబుల్ మీద ఐఎస్ 3521 (హార్నెస్‌ల భారత ప్రమాణం) గుర్తు, తయారైన తేదీ చూడండి. లేబుల్ చెరిగిపోతే అది ఎప్పటిదో చెప్పలేరు కాబట్టి పనికిరాదు. ఒకసారి మనిషిని ఆపిన హార్నెస్‌ను, తాడును మళ్లీ వాడకూడదు. ముక్కలుగా కోసి పారేయండి, ఇంకొకడు తీసుకొని వేసుకోకుండా.

వేసుకునేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పేంటి?

తొడ పట్టీలు వదులుగా పెట్టుకోవడం. నడవడానికి సుఖంగా ఉంటుందని అట్లా చేస్తారు. పడినప్పుడు ఆ వదులంతా ఒక్కసారి బిగుసుకొని గజ్జల్లో గాయం చేస్తుంది. చదునుగా పెట్టిన అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. ఛాతీ పట్టీ ఛాతీ నడుమ ఉండాలి, గొంతు దగ్గరికి పోకూడదు. వీపు రింగు రెండు భుజపుటెముకల మధ్య కూర్చోవాలి. అది మీకు కనిపించదు, పక్కనున్నవాడితో చూపించుకోండి.

హుక్కు ఎక్కడ తగిలించాలి?

వీలైనంత తల పైన, మీరు నిలబడిన చోటికి నేరుగా. కాళ్ల దగ్గర తగిలిస్తే హుక్కు మీదుగా దాటి, ఆపైన తాడు పొడవంతా పడతారు.

లెక్క చూద్దాం. తాడు 2 మీటర్లు. షాక్ అబ్జార్బర్ విచ్చుకుంటే ఇంకో 1.75 మీటర్ల వరకు సాగుతుంది. వీపు రింగు నుంచి కాళ్ల దాకా మీ ఒళ్లు మీటరున్నర. కాళ్ల కింద కనీసం ఒక మీటరు ఖాళీ మిగలాలి. మొత్తం 6.25 మీటర్లు. అంటే హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి అంత ఖాళీ లేకపోతే తాడు బిగుసుకొని ఆపేలోపే డెక్‌కు తగులుతారు. ఓడ పైభాగంలో ఒక అంతస్తు ఎత్తు చాలాచోట్ల రెండున్నర మీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. అక్కడ రెండు మీటర్ల తాడు అలంకారమే. పొట్టి తాడు గానీ, లాగితే వచ్చి జారితే బిగుసుకునే రీలు గానీ అడగండి.

షాక్ అబ్జార్బర్ లేని మామూలు తాడుతో ఎప్పుడూ ఎక్కకండి. అబ్జార్బర్ ఆ దెబ్బను 6 కిలోన్యూటన్ల లోపు, అంటే సుమారు 600 కిలోల బరువంత దగ్గర ఆపుతుంది. అది లేకుంటే దెబ్బ దానికి ఎన్నో రెట్లు అవుతుంది.

తగిలించకూడని వాటిలో ముందు చెప్పాల్సింది రెయిలింగ్. అది ఆనుకునే మనిషి కోసం కట్టింది, పడే మనిషి కోసం కాదు. కరెంటు కేబుల్ ట్రేలు, పైపులు, యాంటెన్నా కాళ్లు, లైటు స్తంభాలు కూడా వద్దు. ఓడలో ఇందుకోసం వెల్డు చేసిన ఇనుప రింగులుంటాయి, వాటి మీద రంగు గుర్తు ఉంటుంది. అది లేనిచోట ఎక్కడ తగిలించాలో ఓడవాళ్లు చూపించాలి.

రెండు హుక్కుల తాడు ఎందుకు?

ఒకటి తీసి ముందుకు మార్చేటప్పుడు రెండోది పట్టి ఉండాలని. వందసార్లు మార్చినా ఒక్క క్షణం కూడా రెండూ ఊడి ఉండకూడదు. మాస్ట్ నిచ్చెన మధ్యలో పట్టా ఉండి, దాని మీద మీతో పాటు జరుగుతూ, మీరు పడితే బిగుసుకునే పరికరం ఉంటే దాన్నే వాడండి. దాని బాణం గుర్తు పైకి ఉండాలి. తలకిందులుగా పెడితే బిగుసుకోదు.

వెల్డింగ్ చేసేటప్పుడు?

పాలిస్టర్ తాడు నిప్పురవ్వకు కరిగిపోతుంది. నిప్పు తట్టుకునే అరమిడ్ తాడు గానీ ఇనుప తీగ గానీ కావాలి. తీగ అయితే కరెంటు పనుల దగ్గరికి తీసుకుపోవద్దు. నిప్పుతో చేసే పనికి వేరే పర్మిట్ ఉంటుంది, ఎత్తు పర్మిట్ దానికి సరిపోదు.

బోసన్ చెయిర్ మీద కూర్చోవాల్సి వస్తే?

అది తాళ్లతో వేలాడే పలక మాత్రమే. కుర్చీ తాడు ఒకటి, మీ హార్నెస్‌కు కట్టే ప్రాణతాడు ఇంకోటి. రెండూ వేరువేరు చోట్ల కట్టి ఉండాలి. కుర్చీని హుక్కుకు తగిలించొద్దు. భారం తగ్గగానే అందులోంచి జారి బయటికి రావచ్చు. పిన్ను కట్టేసిన షాకిల్‌తో (పిన్నుతో మూసే ఇనుప కొక్కెం) బిగించాలి. మనిషి కూర్చోక ముందు డెక్‌కు అడుగు ఎత్తులో ఆ మనిషి కన్నా చాలా ఎక్కువ బరువు వేసి, తాడు, ముడి, పుల్లీ చూడాలి. పైకి లాగేది చేతుల్తోనే, వించ్‌తో కాదు. ఎక్కడైనా చిక్కుకుంటే చేతికి తెలుస్తుంది, యంత్రానికి తెలియదు, లాగుతూనే ఉంటుంది. తాడు పట్టుకున్నవాడికి ఆ గంటలో ఇంకో పని చెప్పకూడదు.

ఓడ పక్కకు దిగి రంగు వేస్తున్నాం. నీళ్లే కదా కింద?

నీళ్లు మెత్తగా ఉంటాయనుకోవద్దు. పది మీటర్ల ఎత్తు నుంచి పడితే గంటకు 50 కిలోమీటర్ల వేగంతో నీటికి తగులుతారు. ఓడకూ జెట్టీకీ మధ్య పడితే ఓడ కదిలి నలిపేస్తుంది. సాగర్ కాలువలో ఈత నేర్చినా ఈ సందులో ఈత పనిచేయదు.

హార్నెస్‌తో పాటు లైఫ్ జాకెట్ ఉండాలి. జాకెట్ ఉబ్బినప్పుడు హార్నెస్ పట్టీలు గొంతు నొక్కకుండా ఉన్నాయో లేదో డెక్ మీదనే చూసుకోవాలి. పైన ఒక మనిషి మిమ్మల్నే చూస్తూ ఉండాలి. ఆయన చేతికందేంత దూరంలో కనీసం 30 మీటర్ల తేలే తాడు కట్టిన లైఫ్‌బాయ్ (నీళ్లలో పట్టుకొని తేలే రింగు) ఉండాలి. పలక పక్కనే నీటిదాకా తాడు నిచ్చెన వేలాడాలి, నీళ్లలో పడ్డవాడు ఎక్కడానికి వేరే దారి ఉండదు.

ఓడ నుంచి బయటికి నీళ్లు, ఆవిరి వదిలే రంధ్రాలు మీ పైన ఉంటే వాటిని మూసి ట్యాగ్ కట్టించండి. వేడినీళ్లు నెత్తిన పడితే ఎవరైనా చేతులు వదిలేస్తారు. వెనక భాగంలో అయితే ప్రొపెల్లర్లు, ముందు అయితే పక్కకు నెట్టే థ్రస్టర్లు ఆపేసినట్టు ట్యాగ్ చూడండి. తాళ్లు డెక్ అంచు మీద రాసుకునే చోట గుడ్డ చుట్టాలి. ఓడ నడుస్తుంటే పక్కకు దిగే పనే లేదు.

డ్రై డాక్‌లో (నీళ్లు తోడేసి ఓడను నిలబెట్టే గుంట)?

కింద కాంక్రీటు. లైఫ్ జాకెట్ అక్కర్లేదు, పరంజా మీద నమ్మకం ఉండాలి. ఆకుపచ్చ ట్యాగ్ లేని పరంజా ఎక్కకండి. ట్యాగ్ మీద తనిఖీ తేదీ వారం దాటినా, మధ్యలో గాలివాన వచ్చినా మళ్లీ చూడాల్సిందే. పలకల మధ్య సందులు, చివర కట్టని పలకలు, సగంలో విప్పేసిన అడ్డకమ్మీలు, ప్రమాదాలు వీటి వల్లే. నిచ్చెన పెడితే నాలుగు మీటర్ల ఎత్తుకు ఒక మీటరు దూరం, పైన దిగే చోటు దాటి ఒక మీటరు పొడుచుకుని ఉండాలి.

గాలి ఎంత ఉంటే ఆపాలి?

అమెరికా నౌకాదళం నియమం: గాలి 30 నాట్లు, అంటే గంటకు 55 కిలోమీటర్లు దాటితే, ఓడ పక్కకు 10 డిగ్రీలు లేదా ముందువెనకలకు 6 డిగ్రీలు మించి ఊగితే, మెరుపులు వచ్చే సూచన ఉంటే ఎవరూ పైకి పోవద్దు. మీ ఓడవాళ్లు ఇంతకన్నా తక్కువ దగ్గరే ఆపమంటే అదే వినాలి. వానకు తడిసిన మాస్ట్, పొద్దున్నే మంచు పట్టిన నిచ్చెన కమ్మీలు కూడా ఆగడానికి కారణాలే.

విశాఖ ఎండ మన ఎండలా ఉండదు. నల్లగొండలో చెమట ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒంట్లో వేడి పోదు. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ ఉండండి. మధ్యాహ్నం ఇనుము ముట్టుకోలేనంత కాలుతుంది కాబట్టి మాస్ట్ పని పొద్దున్నే పెట్టించుకోండి.

పనిముట్లు జారితే?

అరకిలో స్పానర్ 20 మీటర్ల నుంచి పడితే రెండు సెకన్లలో గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అరిచేలోపే కిందికి చేరుతుంది. ప్రతి పనిముట్టుకూ తాడు కట్టి ఉండాలి. చేతిలో పట్టుకొని నిచ్చెన ఎక్కొద్దు, సంచిలో వేసి తాడుతో లాగండి. నట్లు, బోల్టులు మూత ఉన్న డబ్బాలో. కింద తాడు కట్టి దారి మూసేసి, ఎవరూ రాకుండా ఒకరిని నిలబెట్టండి. ఎన్ని పనిముట్లు పైకి పోయాయో రాసుకొని, దిగాక లెక్క చూడండి. యాంటెన్నా గేర్‌లో మరిచిపోయిన ఒక్క స్క్రూడ్రైవర్ చాలు దాన్ని విరగ్గొట్టడానికి.

ఎవరన్నా పడి తాడుకు వేలాడితే ఏం చేయాలి?

హార్నెస్ ఆపడంతో పని అయిపోలేదు. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. అందుకే మనిషిని ఎట్లా దింపాలో ఎక్కక ముందే నిర్ణయించి, ఆ సామాను, అది వాడటం తెలిసిన మనిషి అక్కడ ఉండాలి. "ఫైర్ వాళ్లను పిలుస్తాం" అనేది దింపే ఏర్పాటు కాదు.

వేలాడే మనిషికి స్పృహ ఉంటే కాళ్లు ఆడిస్తూ ఉండమని చెప్పండి. హార్నెస్‌కు కాలు పెట్టుకునే పట్టీలుంటే విప్పి అందులో నిలబడితే తొడల మీద ఒత్తిడి తగ్గుతుంది. అంతలో మైకులో ప్రకటన, డాక్టరుకు కబురు. మీ సొంత హుక్కు తగిలించుకోకుండా కాపాడటానికి పరుగెత్తొద్దు. దింపాక పడుకోబెట్టొద్దని పాతకాలపు సలహా ఒకటి ఇంకా తిరుగుతూనే ఉంది. దానికి ఆధారం లేదని బ్రిటన్ భద్రతా సంస్థ 2009లోనే తేల్చింది. మామూలు ప్రథమ చికిత్సే చేయండి: ఊపిరి చూడండి, పడుకోబెట్టండి, మెడకు దెబ్బ తగిలిందనుకుంటే కదపకండి. బాగానే ఉన్నాడనిపించినా ఆసుపత్రికి పంపాల్సిందే.

ఎవరు ఎక్కకూడదు?

మూర్ఛ, కళ్లు తిరగడం, అదుపులో లేని బీపీ, ఇన్సులిన్ వాడే షుగర్ ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఎక్కకూడదు. రాత్రి తాగినవాళ్లు పొద్దున ఎక్కొద్దు, వాసన పోయినా మత్తు పూర్తిగా పోదు. మర్రిగూడ, మునుగోడు వైపు పెరిగినవాళ్లు ఒక విషయం చెప్పుకోవాలి: ఫ్లోరైడ్ నీళ్లతో మెడ, నడుం, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటే తల పైకెత్తి చూడటం, కాలు ఎత్తి కమ్మీ మీద పెట్టడం కష్టమవుతుంది. పరీక్షలో అది దాచొద్దు. డెక్ మీద చేసే పని అడగండి.

బెల్టు, బూట్లు మమ్మల్నే తెచ్చుకోమంటున్నరు. పేరు రిజిస్టర్‌లో రాయలేదు.

భద్రత సామాను ఇవ్వాల్సింది పని ఇచ్చినవాళ్లు, దాని డబ్బు కూలిలో కోయకూడదు. బజారులో చౌకగా దొరికేదానికి షాక్ అబ్జార్బరే ఉండకపోవచ్చు. రెండోది ఇంకా ముఖ్యం. 2014 జూన్ 2 తర్వాత పాలమూరు నుంచి విశాఖ పోయిన కూలీ వేరే రాష్ట్రం పోయిన కూలీయే. పేరు, ఊరు, కూలి రిజిస్టర్‌లో లేకుండా మొదటి రోజు కూడా పనిలోకి దిగొద్దు. జరగరానిది జరిగితే నష్టపరిహారం కోసం ఇంటివాళ్లు మొదట చూపించాల్సింది ఆ పేరునే. గుంపు మేస్త్రీ నోటిమాట అక్కడ చెల్లదు.

"ఐదు నిమిషాల పనే, పర్మిట్ ఎందుకు" అని మేస్త్రీ తొందర పెడితే?

ఎక్కొద్దు. యాంటెన్నా తిప్పడానికి ఐదు సెకన్లు చాలు. గొడవ పెట్టుకోకుండా ఒక్క మాట అడగండి: "అన్నా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?" దానికి జవాబు లేకపోతే అక్కడే ఓడ డ్యూటీ ఆఫీసర్ దగ్గరికి పోండి. ఓడ మీద ఆయన మాటే చెల్లుతుంది, మేస్త్రీది కాదు.

పని అయిపోయాక?

మనుషుల్ని లెక్కపెట్టండి, తర్వాత పనిముట్లను. అందరూ దిగాకే మీ తాళం తీసి, చెవులు ఇచ్చి, పర్మిట్ మీద సమయం రాసి సంతకం చేయండి. భోజనానికి దిగినా, షిఫ్టు మారినా మళ్లీ ఎక్కేవాళ్లు మొదటి నుంచి చూసుకోవాలి. పొద్దున ఎక్కినవాళ్ల చెవి, పొద్దున ఎక్కినవాళ్ల సంతకం మధ్యాహ్నం వాళ్లకు పనికిరావు. పర్మిట్‌లో రాసిన సమయం దాటితే పని సగంలో ఉన్నా దిగి, కొత్తది రాయించుకొని ఎక్కండి.